చంపబడినవాడు తిరిగి వచ్చి ఏం చేశాడు? పునరుత్థానం, కృప కలిసే చోటు

అన్యాయంగా చంపబడినవాడు తిరిగి వస్తే ఏం చేస్తాడు? మన జానపద కథల్లో, సినిమాల్లో దీనికి ఎప్పుడూ ఒకటే జవాబు. చంపినవాళ్లను, నమ్మించి వదిలేసినవాళ్లను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుంటాడు. పగ తీరితే గానీ శాంతించడు. చూసేవాళ్లకు కూడా అదే న్యాయం అనిపిస్తుంది.

యేసు శిష్యులకు కూడా అలాంటి భయమే కలిగి ఉంటుంది. ఆ ఆదివారం సాయంత్రం వాళ్లు తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఆయన వచ్చి మధ్యలో నిలబడగానే భూతం అనుకుని హడలిపోయారని లూకా సువార్త చెబుతుంది. ఆ గదిలో ఉన్నవాళ్లెవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. గురువారం రాత్రి ఆయన్ను పట్టుకుంటుంటే చీకట్లో పారిపోయినవాళ్లు. వాళ్లలో ఒకడైతే, ఆ మనిషెవరో నాకు తెలియదని ఒట్టు పెట్టుకుని మరీ చెప్పాడు. వాళ్లతో ఆయన అన్న మొదటి మాట, మీకు సమాధానం కలుగుగాక అని. తర్వాత చేతులు చూపించాడు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, వాళ్లిచ్చిన కాల్చిన చేప ముక్క వాళ్ల ముందే తిన్నాడు.

మన చర్చిల్లో పునరుత్థానం గురించి ఈస్టర్ రోజు చెబుతారు, కృప గురించి మిగతా ఏడాదంతా చెబుతారు. వినీ వినీ అవి రెండు వేర్వేరు పాఠాలన్నట్టు మనసులో పడిపోయాయి. పునరుత్థానం అంటే యేసు చేసిన పెద్ద అద్భుతం, కృప అంటే దేవుడి జాలి గుణం. నాకు మాత్రం ఒకదాన్ని పక్కనపెట్టి రెండోదాన్ని అర్థం చేసుకోవడం సాధ్యం కాదనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పోగొట్టుకున్న చేతులు

పునరుత్థానం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది యేసు సమాధిలోంచి లేపిన లాజరును ఉదాహరణగా చెబుతారు. కానీ లాజరు లేచింది పాత బతుకులోకే. ఎప్పుడో ఒకరోజు మళ్లీ చనిపోవాల్సినవాడే. యేసు గురించి తొలి తరం బోధకుడు పౌలు చెప్పేది వేరు: ఆయన ఇక చనిపోడు, మరణానికి ఆయన మీద అధికారం లేదు. శరీరం పోయినా ఆత్మ మిగిలింది అనడం కూడా పునరుత్థానం కాదు. ఆ మాట చెబితే చాలామంది గ్రీకులు హాయిగా ఒప్పుకునేవాళ్లు. చనిపోయినవాళ్లు లేస్తారని అన్నందుకే ఏథెన్సులో కొందరు పౌలును ఎగతాళి చేశారు. ఇక పునర్జన్మతో దీనికి పోలికే లేదు. ఇంకో తల్లి కడుపున ఇంకో మనిషిగా పుట్టడం కాదిది. అదే మనిషి, అవే గాయాల గుర్తులతో, చావులేని శరీరంతో రావడం. తలుపులు వేసి ఉండగానే లోపలికి వచ్చాడు, వచ్చి చేప తిన్నాడు. సువార్తలు ఈ రెండింటినీ చెప్పి, ఎలా కుదురుతుందో వివరించకుండా వదిలేశాయి.

ఈ నమ్మకం యూదుల్లో బలపడింది ఒక చీకటి కాలంలో. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో నాలుగో అంతియొకసు అనే రాజు యూదుల ఆచారాలను నిషేధించి, మాట విననివాళ్లను చంపించాడు. నేల మట్టిలో నిద్రపోయేవాళ్లలో అనేకులు మేలుకుంటారని దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో ఉన్న మాటను చాలామంది పండితులు ఆ కాలానికే ముడిపెడతారు. మక్కబీయుల రెండో గ్రంథంలో ఒక తల్లి, ఆమె ఏడుగురు కొడుకుల కథ ఉంది. ఈ గ్రంథం కతోలిక, ఆర్థడాక్స్ బైబిళ్లలో ఉంటుంది, ప్రొటెస్టెంట్ బైబిల్లో ఉండదు. రాజు ఆ కొడుకులను తల్లి కళ్లముందే ఒక్కొక్కరిగా చిత్రహింసలు పెట్టి చంపుతుంటాడు. మూడోవాడి వంతు వస్తుంది. వాడు ధైర్యంగా చేతులు చాపి, ఇవి నాకు పరలోకం నుంచి వచ్చాయి, వీటిని మళ్లీ దేవుడి దగ్గర నుంచే తీసుకుంటానని నమ్ముతున్నాను అంటాడు.

ఆ చాపిన చేతుల్లోనే పునరుత్థాన నిరీక్షణ అంతా కనిపిస్తుంది. అది పుట్టింది చచ్చాక ఏమవుతుందన్న కుతూహలంలోంచి కాదు, న్యాయం కోసం పడ్డ ఆక్రోశంలోంచి. నమ్మకంగా బతికినవాడు ముక్కలై చస్తే, చంపినవాడు సింహాసనం మీదే కూర్చుంటే, దేవుడు ఊరుకుంటాడా? ఊరుకోడు, ఆ చేతులు ఆ మనిషికే తిరిగి ఇస్తాడు. అంతే కాదు, చంపినవాడిని నిలదీస్తాడు. అదే కథలో ఆ అన్నదమ్ములు రాజుకు ఈ రెండో మాట కూడా గట్టిగానే చెబుతారు.

యేసు కాలానికి యూదుల్లో పరిసయ్యులనే వర్గం దీన్ని నమ్మేది, సద్దూకయ్యులనే వర్గం నమ్మేది కాదు. నమ్మినవాళ్లు కూడా అందరూ ఒకేసారి, లోకం చివర్లో లేస్తారనే అనుకున్నారు. లాజరు తోబుట్టువు మార్త కూడా యేసుతో, అంత్యదినాన లేస్తాడని నాకు తెలుసు అంటుంది. కాలం మధ్యలో ఒక్కడు ముందుగా లేవడం ఎవరి లెక్కలోనూ లేదు. అందుకే పౌలు యేసును ప్రథమ ఫలం అన్నాడు. కోతకాలంలో మొదటి పన, అంటే కోసిన పైరు కట్ట, తెచ్చి దేవాలయంలో అర్పించడం వాళ్ల ఆచారం. మొదటి పన వచ్చిందంటే మిగతా చేను కూడా కోతకు వచ్చినట్టే.

ఈ నేపథ్యం తెలిశాక ఈస్టర్ కబురు మొదట ఎందుకు భయం పుట్టించిందో అర్థమవుతుంది. యెరూషలేములో మతపెద్దల సభ యేసుకు మరణదండన తగునంది. రోమా అధిపతి పిలాతు సిలువ వేయించాడు. దేవుడు ఆయన్ను లేపాడంటే ఆ తీర్పులన్నింటినీ కొట్టేసినట్టు. మరి తప్పుడు తీర్పు ఇచ్చినవాళ్ల సంగతేంటి? వదిలేసి పారిపోయినవాళ్ల సంగతేంటి? మార్కు సువార్త పాత ప్రతుల్లో, అంటే 4వ శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతుల్లో, సమాధి దగ్గరకు వెళ్లిన స్త్రీలు వణుకుతూ పారిపోయి, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు అన్న దగ్గరే పుస్తకం ఆగిపోతుంది.

క్షమించే హక్కు ఎవరిది?

అసలు విషయం ఇక్కడుంది. ఒక మనిషిని చంపితే ఆ తప్పును క్షమించే హక్కు ఎవరికి ఉంటుంది? తల్లిదండ్రులు తమ కడుపుకోతను క్షమించగలరు. కోర్టు శిక్ష తగ్గించగలదు. కానీ చనిపోయినవాడి తరఫున క్షమించే హక్కు బతికున్నవాళ్లెవరికీ లేదు. క్షమించాల్సిన ఆ ఒక్కడూ లేడు కాబట్టి హత్య అనేది ఎప్పటికీ తీరని బాకీలా ఉండిపోతుంది.

పునరుత్థానం ఈ లెక్కను మార్చేసింది. బాధితుడు తిరిగి వచ్చాడు. అడిగే హక్కు, నిలదీసే హక్కు, క్షమించే హక్కు అన్నీ ఉన్న ఒకే ఒక్కడు గదిలోకి వచ్చి నిలబడి సమాధానం అన్నాడు. కృప అనేది ఆకాశంలో ఎక్కడో ఉన్న మంచి గుణం అనుకుంటే ఇది అర్థం కాదు. గాయపడ్డవాడే, ఆ గాయాలు చూపిస్తూనే ఇస్తే తప్ప దానికి విలువ ఉండదు. చనిపోయి మట్టిలో కలిసిపోయిన యేసు మనల్ని క్షమించాడని చెప్పుకుంటే అది మనకు మనం చెప్పుకునే ఓదార్పే. మన అపరాధాల కోసం ఆయన అప్పగించబడ్డాడు, మనల్ని నీతిమంతులుగా తీర్చడానికి లేపబడ్డాడు అని పౌలు రోమా పత్రికలో ఒకే వాక్యంలో రాశాడు. ప్రసంగాల్లో మొదటి సగమే ఎక్కువ వినిపిస్తుంది.

సిలువ మీదే, తండ్రీ వీరిని క్షమించు అన్నాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. అన్నాడు. ఆ ప్రార్థన నెరవేరిందని తెలిసింది మాత్రం ఆదివారమే. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చిన పెంతెకొస్తు పండుగ రోజు యెరూషలేములో శిష్యుడు పేతురు మాట్లాడుతూ, మీరు చంపించారు, దేవుడు లేపాడు అని ముఖం మీదే చెబుతాడు. విన్నవాళ్లకు గుండెలో గుచ్చుకుంటుంది. ఇప్పుడు మేమేం చేయాలి అని అడుగుతారు. వాళ్లకు దొరికిన జవాబు బెదిరింపు కాదు: మనసు మార్చుకోండి, బాప్తిస్మం తీసుకోండి, క్షమాపణ దొరుకుతుంది.

ఈ మాట చెప్పడానికి పేతురుకు ఉన్న అర్హత వేరు. ప్రధాన యాజకుడి ఇంటి వాకిట్లో బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ఆయనెవరో తెలియదన్నది అతనే. యోహాను సువార్త చివరి అధ్యాయంలో తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ ఒక బొగ్గుల మంట ఉంటుంది. దాని మీద చేపలు, పక్కన రొట్టె. రాత్రంతా వల వేసి అలసిపోయినవాళ్లను, రండి భోజనం చేయండి అని యేసు పిలుస్తాడు. అందరూ తిన్నాకే పేతురు వైపు తిరుగుతాడు. ఎందుకు అబద్ధం చెప్పావు అని అడగడు. నన్ను ప్రేమిస్తున్నావా అని అడుగుతాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారి అడిగేటప్పటికి పేతురు మనసు నొచ్చుకుంటుంది. నొప్పి లేకుండా మందు వేయలేదు, గాయం ఎక్కడుందో అక్కడే తాకాడు. ప్రతిసారీ జవాబు విన్నాక ఒక పని అప్పగించాడు: నా గొర్రెలను మేపు. తప్పు చేసినవాడికి కేవలం మాఫీ ఇచ్చి ఇంటికి పంపలేదు, బాధ్యత ఇచ్చాడు. మళ్లీ నమ్మాడన్నమాట.

కృప అనే మాట ఉన్నది పునరుత్థాన అధ్యాయంలోనే

క్రీస్తుశకం 54, 55 ప్రాంతంలో పౌలు ఎఫెసు నుంచి కొరింథులోని సంఘానికి ఉత్తరం రాశాడు. అందులో 15వ అధ్యాయం పునరుత్థాన సాక్షుల గురించి మనకున్న రాతల్లో అతి పాతది. సువార్తలు నాలుగూ దీని తర్వాతవే. మొదట్లోనే పౌలు తనకు ముందు నుంచే అందిన సాక్ష్యాన్ని వరసగా చెబుతాడు: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేపబడ్డాడు, కేఫాకు అంటే పేతురుకు కనబడ్డాడు, తర్వాత పన్నెండుగురికి, తర్వాత ఐదు వందలకు పైగా సోదరులకు ఒకేసారి. వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా అంటాడు. దీని అర్థం, కావాలంటే వెళ్లి అడుగు అని. పౌలు తన మార్పు తర్వాత మూడేళ్లకు యెరూషలేము వెళ్లి పేతురు దగ్గర పదిహేను రోజులు ఉన్నానని గలతీ పత్రికలో రాసుకున్నాడు. ఆ రెండు వారాల్లో వాళ్లు వాతావరణం గురించే మాట్లాడుకుని ఉండరు.

ఆ జాబితా చివర్లో తన పేరు చేరుస్తూ పౌలు మాట మార్చేస్తాడు. దేవుని సంఘాన్ని హింసించినవాణ్ని, అపొస్తలుడు అని పిలిపించుకునే యోగ్యత నాకు లేదు అంటాడు. వెంటనే, నేను ఏమై ఉన్నానో అది దేవుని కృప వల్లే అంటాడు. మన ఇళ్లలో గోడల మీద వేలాడే ఈ వాక్యం ఎక్కడిదో చాలామందికి తెలియదు. ఇది పునరుత్థాన సాక్షుల జాబితాలో ఉన్న మాట. యేసు శిష్యులను బంధించడానికి వెళ్తున్న దమస్కు దారిలో అతనికి ఎదురైంది, నన్నెందుకు హింసిస్తున్నావు అని అడిగిన బాధితుడు, యేసే. ఆ బాధితుడు అతణ్ని శిక్షించకుండా పని అప్పగించాడు. పేతురుకు జరిగిందే పౌలుకూ జరిగింది. సాక్షుల జాబితాలో మొదటి పేరు ఆయన్ను తెలియదన్నవాడిది, చివరి పేరు ఆయన మనుషులను చెరసాలకు ఈడ్చినవాడిది. దీన్ని యాదృచ్ఛికం అనుకోలేను.

కృప గురించి మన మధ్య ఒక పొరపాటు అలవాటైపోయింది. ఎలా ఉన్నారంటే దేవుని కృప వల్ల బాగున్నాం అంటాం. ఉద్యోగం వచ్చినా, వీసా వచ్చినా, ఇల్లు కట్టినా సాక్ష్యం చెప్పేటప్పుడు అదే మాట. కృతజ్ఞతగా చెప్పే మాటే, తప్పు పట్టను. కానీ వీసా రిజెక్ట్ అయినవాడు అదే చర్చిలో వెనక బెంచీలో కూర్చుని ఉంటాడు. వాడి మీద కృప లేనట్టా? పౌలు దెబ్బలు తిన్నాడు, ఓడ బద్దలై నీళ్లలో కొట్టుకుపోయాడు, ఎంత ప్రార్థించినా వదలని ఒక ముల్లు లాంటి బాధతో బతికాడు. నా కృప నీకు చాలు అన్న మాట అతనికి వచ్చింది ఆ ముల్లు తీయమని అడిగినప్పుడే. ముల్లు పోలేదు.

రెండో పొరపాటు పౌలు రోజుల్లోనే మొదలైంది. క్షమాపణ ఉచితమైతే ఇష్టం వచ్చినట్టు బతకొచ్చుగా? రోమా పత్రిక 6వ అధ్యాయంలో ఈ ప్రశ్నను అతనే ఎత్తి, అట్లనరాదు అంటాడు. అతను ఇచ్చిన కారణం గమనించాలి. నరకం పేరు చెప్పి భయపెట్టలేదు, పునరుత్థానాన్ని చూపించాడు. బాప్తిస్మంలో మీరు ఆయనతోపాటు చనిపోయి పాతిపెట్టబడ్డారు, ఆయన లేచినట్టే మీరూ కొత్త జీవితంలోకి నడవాలి. చచ్చినవాడు పాత యజమాని దగ్గర పనికి వెళ్లడు కదా అంటాడు.

ఈ మాట తెలుగు నేల మీద ఒకరోజు వేలమంది ఒంటి మీద జరిగింది. ధాత కరువు 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. ఆ పనులు నడిచినన్నాళ్లూ కొత్తగా బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని, అన్నానికి షరతు ఉందని ఎవరూ అనుకోకూడదని. కరువు సాయం ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఇచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. పుట్టుకతోనే నీ యోగ్యత ఇంత అని ఊరు తేల్చేసిన మనుషులు. యోగ్యత లెక్క చూడకుండా ఇచ్చేదే కృప అని వింటే అది వాళ్లకు వేదాంతంలా వినిపించి ఉండదు. నీళ్లలో మునిగి లేస్తే, మీద పడిన తీర్పు కొట్టేసినట్టే.

ఆ తీర్పును చర్చిలోనే మళ్లీ తిరగరాసిన సందర్భాలు మనకు తెలుసు. పెళ్లి సంబంధాల దగ్గర, సంఘ పెద్దల ఎన్నికల దగ్గర కులం ఇప్పటికీ తల ఎత్తుతుంది. ఇది కొత్త జబ్బు కాదు. అంతియొకయ పట్టణంలో పేతురు మొదట అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి మెల్లగా లేచి వేరే పంక్తికి వెళ్లిపోయాడు. పౌలు అందరి ముందే అతణ్ని నిలదీశాడు. కృప వల్లే నీతిమంతులమవుతామన్న వాదన పౌలు రాతల్లో మొదట గట్టిగా కనిపించేది గలతీ పత్రిక 2వ అధ్యాయంలో, ఈ పంక్తి భోజనం గొడవ దగ్గరే. ఎవరు ఎవరితో కూర్చుని తినొచ్చు అన్న ప్రశ్నకు జవాబుగా పుట్టిన సిద్ధాంతాన్ని, వేరు వేరు పంక్తుల్లో కూర్చుని బోధించడం నన్ను చాలా బాధపెడుతుంది.

తర్వాతి శతాబ్దాల చర్చలు మరోవైపు తిరిగాయి. మనిషి ప్రయత్నం ఎంత, దేవుడి కృప ఎంత అని అగస్టీను, పెలేగియస్ అనే క్రైస్తవ బోధకులు 5వ శతాబ్దంలో వాదించుకున్నారు. 1517లో జర్మనీ సంస్కర్త లూథర్‌తో మొదలైన చీలిక, 1547లో కతోలిక మతపెద్దల ట్రెంట్ సభ నిర్ణయంతో గట్టిపడింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కతోలికులు ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసి, మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని కలిసి చెప్పారు. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు ఈ విషయాన్ని బొమ్మలో చెప్పాయి. ఇస్తాంబుల్‌లోని ఒకప్పటి కోరా ఆలయం, ఇప్పటి మసీదులో 14వ శతాబ్దపు చిత్రం ఉంది. లేచిన క్రీస్తు ఆదామును ఒక చేత్తో, హవ్వను ఇంకో చేత్తో సమాధుల్లోంచి లాగుతుంటాడు. ఆయన పట్టుకున్నది వాళ్ల అరచేతులను కాదు, మణికట్లను. పట్టు అంతా ఆయనదే.

కోస్తా జిల్లాల్లో చాలా ఊళ్లలో ఈస్టర్ తెల్లవారుజామున కుటుంబాలు సమాధుల తోటకు వెళతాయి. ముందు రోజే సున్నం వేసిన సమాధుల మీద పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడతారు. అక్కడ ఎవరైనా ఏడిస్తే, నిరీక్షణ లేనివాళ్లలా ఏడవకూడదమ్మా అని మందలించడం వింటుంటాం. థెస్సలొనీక పత్రికలోని ఆ మాట ఏడవొద్దని చెప్పడానికి కాదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని కోసం కన్నీళ్లు పెట్టుకున్నాడు. పోయిన భర్త కోసం, కొడుకు కోసం ఆ సమాధి దగ్గర ఏడ్చేవాళ్లను ఏడవనివ్వాలి. మక్కబీయుల కథలో ఆ కొడుకు చాపిన చేతులు ఇంకా తిరిగి రాలేదు. మొదటి పన మాత్రమే ఇంటికి చేరింది.

అంతదాకా ఏం చేయాలని కొరింథువాళ్లు అడిగి ఉంటే, జవాబు అదే ఉత్తరంలో ఉంది. మరణమా నీ ముల్లెక్కడ అని ఎలుగెత్తి అడిగిన పౌలు, మీ ప్రయాస వ్యర్థం కాదు అంటూ 15వ అధ్యాయం ముగిస్తాడు. తర్వాతి వాక్యమే చందా గురించి. యెరూషలేములోని పేదల కోసం ప్రతి ఆదివారం, అంటే ఆయన లేచిన రోజున, ఎవరికి కలిగినంతలో వాళ్లు కొంత పక్కన పెట్టండి అని. రెండో ఉత్తరంలో ఆ చందానే కృప అని పిలుస్తాడు. ఆ డబ్బు తీసుకుని తనే యెరూషలేము వెళ్లాడు. అక్కడే అతణ్ని పట్టుకుని బంధించారు. విచారణ సభలో సద్దూకయ్యులు, పరిసయ్యులు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి, నేనిక్కడ విచారణ పాలవుతున్నది మృతుల పునరుత్థానం గురించిన నిరీక్షణ కోసమే అని గట్టిగా చెప్పాడు.